చలికాలంలో కాకినాడ ఒడ్డున ఉండే సముద్ర పక్షులు వేసవిలో ఎక్కడ గుడ్లు పెడతాయి?

తీరపుగాలి (కాకినాడ)

నమస్కారమండి. ఈ నెలలో కుంభాభిషేకం రేవు వైపు వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది. పాటు తీసి బురద బయటపడితే చాలు, ఒడ్డంతా పక్షులే. ఉల్లంకి పిట్టల సంగతి పక్కన పెడితే, నేను అడగాలనుకున్నది గల్‌లు, టెర్న్‌లు అనే సముద్ర పక్షుల గురించి. గోధుమరంగు తల గల్‌లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య అన్నిటికంటే పెద్దవైన పల్లాస్ గల్‌లు, ఎర్ర ముక్కు కాస్పియన్ టెర్న్‌లు. అదృష్టం బాగుంటే ఇండియన్ స్కిమ్మర్‌లు కూడా కనిపిస్తాయి.

ఏప్రిల్ దాటాక వీటిలో చాలావరకు ఉండవు. చలిగాలి మొదలయ్యాక మళ్లీ వస్తాయి. పేపర్లో మాత్రం ఎప్పుడూ ‘సైబీరియా అతిథులు’ అని ఒకే ముక్క రాసేస్తారు. అన్నీ అక్కడివేనా? ఏది ఎక్కడ పిల్లల్ని చేస్తుంది, ఎందుకు వెళ్తుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఆ ప్రాంతాల్లో ఉంటున్న మనవాళ్లు ఉంటే మరీ మంచిది.

పాతజువాలజీ (రాజమండ్రి)

సైబీరియా నుంచి వచ్చేవి అసలు లేవని కాదు. వీపు ముదురు బూడిద రంగులో ఉండే హ్యూగ్లిన్స్ గల్ రష్యా ఉత్తర కొసన, ఆర్కిటిక్ తీరంలో గుడ్లు పెడుతుంది. కానీ మీరు చూస్తున్న గుంపులో ఎక్కువ భాగం గోధుమరంగు తల గల్‌లు కదా, వాటి పుట్టిల్లు వేరు. లడఖ్, టిబెట్, చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు. సముద్రం వాసన కూడా తగలని చోట, మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తున పిల్లల్ని చేసి, చలికాలానికి మన ఒడ్డుకు దిగుతాయి. కాకినాడ నుంచి లడఖ్‌లోని త్సో మొరీరీ సరస్సుకు సరళరేఖలో కొలిచినా దాదాపు 1,800 కిలోమీటర్లు. మధ్యలో హిమాలయాలు అడ్డం.

పల్లాస్ గల్‌లు నల్లసముద్రం వైపు నుంచి మంగోలియా, చింగ్‌హాయ్ దాకా సరస్సుల మధ్య ఉండే లంకల్లో గుడ్లు పెడతాయి.

ఇక ఎందుకు వెళ్తాయి అంటే, అక్కడ ఏప్రిల్, మే నెలల్లో మంచు కరుగుతుంది. నీళ్ల పక్కన పురుగూ పుట్రా ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. పొద్దు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి పిల్లలకు మేత తెచ్చే సమయమూ ఎక్కువే. లంక చుట్టూ నీళ్లుంటే నక్క రాలేదు. నేల మీద గుడ్డు పెట్టే పక్షికి ఇంతకంటే ఏం కావాలి? చలికాలం వచ్చేసరికి అదే సరస్సు గడ్డకడుతుంది. అప్పుడు మన బురదా, మన చిన్న చేపలే దానికి ఆధారం. బయలుదేరే వేళ ఎలా తెలుస్తుందంటారా, పగలు పెరగడం మొదలవగానే ఒంట్లో హార్మోన్లు మారతాయి. ఈకలు మారతాయి, ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వే దారిలో వాటికి పెట్రోలు.

ఉప్పాడవల

మాస్టారూ, మా ఊళ్లో పెద్దవాళ్లు వేరేలా చెబుతారండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు కదలవు, వల దులిపితే రాలే చిన్న చేప ఉండదు, అందుకే ఈ పిట్టలు పోతాయంటారు.

ఇంకో సంగతి. పోయే ముందు ఈ గోధుమరంగు తల గల్‌ల తల మారిపోతుంది. సంక్రాంతి అప్పుడు చూస్తే తల తెల్లగా, చెవి దగ్గర చిన్న మచ్చ మాత్రమే. శివరాత్రి దాటాక చూడండి, ముఖమంతా మసి పూసినట్టు అయిపోతుంది. కొన్నిటికి సగం తల మారి సగం మారకుండా ఉంటుంది. వల లాగేటప్పుడు బోటు వెనకాలే తిరుగుతాయి కాబట్టి మాకు ఇంత దగ్గరగా కనిపిస్తాయి, కళ్లు కూడా. కనుగుడ్డు తెల్లగా ఉంటుంది వీటికి.

పాతజువాలజీ (రాజమండ్రి)

తెల్ల కనుగుడ్డు గుర్తుపట్టారంటే మీరు చాలా బాగా చూశారు. పెద్ద పక్షిలో అదే గుర్తు. నల్ల తల గల్ అని దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది, దానికి కన్ను నల్లగా ఉంటుంది. ఆ తల రంగు పెళ్లి ముస్తాబు అనుకోండి. గూడు పెట్టే చోటికి చేరేసరికి పూర్తవుతుంది.

వేట నిషేధం సంగతి. ముంబై, గోవా వైపు నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా. మరి అక్కడి గల్‌లు కూడా ఏప్రిల్ దాటేలోపే వెళ్లిపోతాయి, బోట్లు ఇంకా తిరుగుతుండగానే. కాబట్టి బోట్ల కోసం వెళ్లడం కాదు. అయితే మీ పెద్దవాళ్ల మాటలో ఒక నిజం ఉంది. వల నుంచి రాలే చేప ఈ పక్షులకు చలికాలపు తిండిలో మంచి భాగం.

గోదారిగట్టు

అన్నీ వెళ్లిపోతాయంటున్నారు. నేను జూన్‌లో హోప్ ఐలాండ్ వైపు బోటులో వెళ్తే గల్‌లు కనిపించాయి. తల గోధుమరంగులో లేదు, తోక చివర నల్ల పట్టీ. మరి అవి దారి తప్పినవా?

తీరపుగాలి (కాకినాడ)

తప్పలేదండి. అవి పిల్ల పక్షులు. తోక చివర నల్ల పట్టీ ఉందంటే ఇంకా ఏడాది వయసు కూడా నిండి ఉండదు. గూడు పెట్టే వయసు రాలేదు కాబట్టి అంత దూరం వెళ్లి చేసేదేమీ లేదు. అలాంటివి కొన్ని వేసవంతా ఇక్కడే ఉండిపోతాయి. పల్లాస్ గల్ అయితే పెద్ద పక్షి రంగు రావడానికి నాలుగో ఏడు పడుతుంది. అందుకే ‘ఇవి వలస పక్షులు, వేసవిలో ఈ చోటుతో వాటికి పనిలేదు’ అనే మాట పూర్తిగా నిజం కాదు.

లడఖ్_జవాను (శ్రీకాకుళం)

మాస్టారు లడఖ్ పేరెత్తేసరికి రాయకుండా ఉండలేకపోయాను. నా సర్వీసులో కొంత కాలం పాంగాంగ్ వైపు చేశాను. మాది సముద్రం పక్క ఊరు, గల్‌లను చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. జూన్‌లో ఆ సరస్సు మీద గల్ ఎగరడం చూసి నమ్మలేదు. అక్కడ మనిషికే ఊపిరి ఆడదు, మెట్లెక్కితే ఆయాసం. పాంగాంగ్ 4,200 మీటర్ల పైన ఉంటుంది, త్సో మొరీరీ 4,500 మీటర్ల పైన. తల ముదురు గోధుమరంగులో ఉండేసరికి ఇదేదో వేరే పక్షి అనుకున్నాను. ఎగిరినప్పుడు రెక్క కొసన నల్లటి భాగంలో తెల్ల మచ్చ కనిపించింది. మా ఊళ్లో డిసెంబరులో చూసేది ఇదే కదా అని అప్పుడు తట్టింది.

సరస్సుల్లో చిన్న చిన్న లంకలుంటాయి. గూళ్లు ఎక్కువగా ఆ లంకల మీదే. ఒడ్డున పెడితే కుక్కలు వదలవు. టూరిస్టులు పెరిగారు, క్యాంపుల చుట్టూ చెత్త పెరిగింది, ఆ చెత్త తిని ఊరకుక్కలు గుంపులు కట్టాయి. నల్లమెడ కొంగల పిల్లల్నీ, నేల మీద గూడు పెట్టే ప్రతి పక్షి గుడ్లనూ అవే తినేస్తున్నాయి. అక్కడికి వెళ్లే మన తెలుగువాళ్లు చాలామందే. దయచేసి మిగిలిన తిండి బయట పారేయకండి. మీరు పారేసిన పరోటా ముక్క చివరికి మన ఊరికి వచ్చే పక్షి మీదకే వస్తుంది.

గోదారిగట్టు

ఇది నిజంగా తెలియదు. థాంక్యూ సర్.

తీరపుగాలి (కాకినాడ)

జవాను గారూ, మీరు రాసింది చదివాక ఆ గల్‌లను చూసే తీరే మారిపోయింది.

ఇప్పుడు స్కిమ్మర్ దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ, ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. చూడనివాళ్ల కోసం చెబుతాను. పైన నలుపు, కింద తెలుపు, నారింజ రంగు ముక్కు. కింది ముక్కు పైదానికంటే పొడవు. ఏ పక్షికైనా పైముక్కే కాస్త పొడవుగా ఉండటం మామూలు, ఇక్కడ తలకిందులు. నీళ్లకు ఆనీ ఆనకుండా ఎగురుతూ, నోరు తెరిచి ఆ కింది ముక్కును నీళ్లలో ముంచి గీత గీసుకుంటూ పోతుంది. చేప తగిలిందా, టక్కున నోరు మూసేస్తుంది. గాలి లేని పొద్దున, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు చూడాలి. పక్షి దాటి వెళ్లాక కూడా ఆ గీత కాసేపు నీళ్ల మీద నిలిచి ఉంటుంది.

ప్రపంచం మొత్తం మీద ఇవి మూడు వేల లోపే ఉంటాయని అంచనా. 2020లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి వెళ్లింది. చలికాలంలో కాకినాడ తీరం, బంగ్లాదేశ్‌లో మేఘనా ముఖద్వారం లాంటి కొద్ది చోట్లే వీటికి దిక్కు. గుడ్లు పెట్టేది మాత్రం నదుల్లో, అందులోనూ ముఖ్యంగా చంబల్‌లో. చంబల్ వైపు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

చంబల్_దగ్గర (గ్వాలియర్)

ఉన్నానండి. మాది భీమవరం, మా వారి ఉద్యోగం వల్ల ఇక్కడ స్థిరపడ్డాం. చంబల్ అభయారణ్యం మాకు దగ్గరే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మూడు రాష్ట్రాల్లోనూ ఉంది. 1979 నుంచి ఉన్నది, అందరూ మొసళ్ల కోసం వస్తారు. పిల్లలతో బోటులో వెళ్లినప్పుడే నేను స్కిమ్మర్‌లను మొదట చూశాను.

అవి ఫిబ్రవరి చివర, మార్చిలో వచ్చి నది మధ్యలో తేలిన ఇసుక దిబ్బల మీద చేరతాయి. గూడు అంటే పుల్లా పుడకా ఏమీ ఉండవు. ఇసుకలో పొట్టతో చేసుకున్న గుంట, అందులో మూడో నాలుగో గుడ్లు. మచ్చల గుడ్డు, ఇసుకలో కలిసిపోతుంది. అడుగు ముందు ఉన్నా కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇసుక మీద మనం చెప్పు లేకుండా నిలబడలేం. తల్లిదండ్రులు నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. గుడ్డు ఉడికిపోకుండా అలా చల్లబరచుకుంటాయి. గుడ్డు లోంచి వచ్చిన పిల్లకు రెండు ముక్కులూ సమానంగానే ఉంటాయి, పెరిగే కొద్దీ కిందిది పొడుగవుతుంది.

ఇబ్బంది నీళ్లతోనే. పైన గాంధీసాగర్, రాణాప్రతాప్ సాగర్, జవహర్ సాగర్, కోటా బ్యారేజీ, వరసగా కట్టలు. వేసవిలో నీళ్లు తగ్గాయంటే నది మధ్య దిబ్బ ఒడ్డుతో కలిసిపోతుంది. అంతవరకు లంక, రాత్రికి రాత్రే దారి. కుక్క, నక్క, పశువులు నడిచి వచ్చేస్తాయి. అలా కాక పైనుంచి ఒక్కసారి నీళ్లు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఇసుక తవ్వకం సంగతి మీకు చెప్పక్కర్లేదు, గోదావరి వాళ్లకు తెలిసిందే.

బాగున్న మాట ఒకటి చెప్పాలి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు నది పక్క పల్లెల వాళ్లనే గూళ్ల కాపలాకు పెట్టారు. గుడ్ల కాలంలో దిబ్బల దగ్గర కుక్కల్నీ పశువుల్నీ రాకుండా చూస్తారు. ఆ ఎండలో రోజంతా కూర్చోవడం మాటలు కాదు.

పాతజువాలజీ (రాజమండ్రి)

అమ్మా, చాలా విలువైన సమాచారం ఇచ్చారు. చదివేవాళ్లు ఒకటి గమనించాలి. లడఖ్ సరస్సులో లంక, చంబల్‌లో ఇసుక దిబ్బ, రెండు చోట్లా పక్షికి కావలసింది ఒక్కటే, చుట్టూ నీళ్లు. అది పోయిన రోజున గూడు పోయినట్టే. మన గోదావరి ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే నది టెర్న్‌కూ ఇదే గతి.

మెయిన్‌రోడ్డు

అందరూ బాగా రాస్తున్నారు కానీ ఒక్క మాట. మా పేటలో ఇళ్ల స్థలాలకు జాగా లేదు, వానొస్తే మోకాలి లోతు నీళ్లు. బురద నేల ఊరికే పడి ఉంది కదా, పూడ్చి వాడుకుంటే తప్పేంటి? పిట్టలకు రెక్కలున్నాయి, పక్క ఒడ్డుకు పోతాయి. మనుషులు ఎక్కడికి పోతారు?

తీరపుగాలి (కాకినాడ)

మీ ఇబ్బంది నిజమైనది, కాదనను. కానీ పక్క ఒడ్డు అంటే ఏది? ఉప్పాడ వైపు తీరం ఏటికేడు సముద్రం కోసేస్తోంది. అక్కడ రాళ్లు పోశారు, రాళ్ల మీద పురుగు దొరకదు. ఊరికి అటువైపు పోర్టు. మెత్తటి బురద, దాని మీద పలచటి నీళ్లు, చిన్న చేప, పక్కనే పోటు వచ్చినప్పుడు నిలబడటానికి పొడి ఇసుక, ఇవన్నీ ఒక్కచోట కుదిరే జాగాలు చాలా కొద్ది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి కొవ్వు పట్టాలి. ఆ రెండు నెలలూ సరిగా తినలేకపోతే బయలుదేరడం ఆలస్యమవుతుంది, చేరేసరికి మంచి దిబ్బలు వేరేవి ఆక్రమించేసి ఉంటాయి, చలికాలంలో మనం పోసిన మట్టి చంబల్‌లో గుడ్ల లెక్కలో తేలుతుంది.

వానొస్తే నీళ్లు నిలుస్తున్నాయన్నారు. ఆ నీళ్లు దిగాల్సింది ఆ పల్లపు నేలలోకే. దాన్ని మెరక చేస్తే మీ వీధిలో నీళ్లు ఇంకా పెరుగుతాయి.

ఉప్పాడవల

మెయిన్‌రోడ్డు గారూ, ఆ నేల ఊరికే పడి లేదండి. రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల పెరిగేది ఆ మడ చెట్ల వేర్లలో, ఆ బురదలోనే. అక్కడ మట్టి తోలితే రెండేళ్లకు మా వల ఖాళీ. పిట్టలు ఎక్కడ ఎక్కువ దిగితే అక్కడ చేప ఉందని మాకు లెక్క. పిట్ట తగ్గిందంటే చేప తగ్గిందని అర్థం.

మెయిన్‌రోడ్డు

వాన నీటి సంగతి ఆలోచించాల్సిందే. ఇళ్ల సమస్యకు మాత్రం వేరే దారి చూపించాలి ఎవరైనా.

టైన్_ఒడ్డు (న్యూకాజిల్, ఇంగ్లండ్)

ఇంత దూరం నుంచి మీ చర్చ చదువుతున్నాను. మాకు దగ్గర్లో ఫార్న్ దీవులున్నాయి. మే, జూన్ నెలల్లో అక్కడ ఆర్కిటిక్ టెర్న్‌లు గుడ్లు పెడతాయి. టోపీ లేకుండా వెళ్తే నెత్తి మీద పొడిచి రక్తం కారుస్తాయి, పిల్లల మీద అంత కాపలా.

ఈ పక్షి బరువు దాదాపు 100 గ్రాములు. ఉత్తరాన వేసవి అయిపోగానే అంటార్కిటికా వైపు వెళ్తుంది, అక్కడ అప్పుడు వేసవి మొదలవుతుంది. ఏడాదికి రెండు వేసవులు. ఇంకే ప్రాణికీ ఇన్ని గంటల పగటి వెలుతురు దక్కదంటారు. 1982లో ఫార్న్ దీవుల్లో కాలికి గుర్తింపు రింగు వేసిన పిల్ల ఒకటి అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో దొరికింది. పుట్టి కొద్ది నెలలే అయింది. గ్రీన్‌ల్యాండ్, ఐస్‌ల్యాండ్ పక్షులకు వెళ్లిన దారి తెలిపే 1.4 గ్రాముల పరికరం కట్టి చూస్తే ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు తేలింది. ఇక్కడి న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఫార్న్ పక్షులకు కట్టి చూస్తే ఒకటి 96,000 కిలోమీటర్లు తిరిగి మళ్లీ అదే దీవికి వచ్చింది. ఇవి సూటిగా పోవు, గాలి వాటం చూసుకుని అట్లాంటిక్ మీద వంకర దారిలో వెళ్తాయి. దారి పొడుగైనా శ్రమ తగ్గుతుంది.

2022లో ఇక్కడ బర్డ్ ఫ్లూ వచ్చి పరిస్థితి ఘోరమైంది. దీవులను మూసేశారు, ఫార్న్‌లో ప్రధాన దీవికి మళ్లీ జనాన్ని రానిచ్చింది 2024లో. గూళ్లు కిక్కిరిసి ఉండే చోట జబ్బు పడితే ఎంత వేగంగా పోతుందో అప్పుడు అందరికీ తెలిసింది.

పాతజువాలజీ (రాజమండ్రి)

ఆ జబ్బుకు మన గల్‌లూ అతీతం కావు. 2005లో చింగ్‌హాయ్ సరస్సులో వేల పక్షులు చనిపోయాయి. పట్టీతల బాతులతో పాటు గోధుమరంగు తల గల్‌లు, పల్లాస్ గల్‌లు కూడా అందులో ఉన్నాయి. మనకు చలికాలంలో వచ్చే జాతులే అవి. అయినంత మాత్రాన గల్ కనబడితే భయపడనక్కర్లేదు. చచ్చిన పక్షిని ఉత్త చేతులతో ముట్టుకోకపోతే చాలు.

గోదారిగట్టు

దీనికి సంబంధించిందే ఒకటి అడగనా? ప్రయాగరాజ్ వెళ్లినప్పుడు సంగమంలో పడవ వాళ్లు కారప్పూస పొట్లాలు అమ్మారు, గల్‌లకు వేయమని. అమ్మానాన్నలు చాలా సంతోషంగా వేశారు. తప్పా?

పాతజువాలజీ (రాజమండ్రి)

వాళ్లు ప్రేమతోనే వేశారు, దానికి ఏం అనలేం. ఇకముందు వేయొద్దని మాత్రం చెప్పండి. ఉప్పూ నూనే ఉన్న పిండి వంటతో కడుపు నిండుతుంది కానీ అంత దూరం ఎగిరే పక్షికి కావలసిన బలం చేపలోనూ పురుగులోనూ ఉంది. పైగా వందల పక్షులు ఒకే పడవ చుట్టూ ఒకదాని మీద ఒకటి పడితే, ఇందాక చెప్పిన జబ్బులు అంటుకోవడం తేలిక.

ఇందాక కాస్పియన్ టెర్న్ సంగతి మిగిలిపోయింది, అది చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. స్వీడన్, ఫిన్‌ల్యాండ్ వైపు పుట్టిన కాస్పియన్ టెర్న్ పిల్లలకూ, తల్లిదండ్రులకూ పరికరాలు కట్టి చూశారు, 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్ల మొదటిసారి ఆఫ్రికాకు వెళ్లేటప్పుడు పెద్ద పక్షి ఒకటి వెంట ఉండి తీసుకెళ్తుంది. చాలావరకు తండ్రే. పెద్ద పక్షి నుంచి విడిపోయిన పిల్లలు బతకలేదు. పెద్దయ్యాక ఒంటరిగా వెళ్లినప్పుడు కూడా చిన్నప్పుడు చూపించిన మజిలీల్లోనే ఆగుతాయి. మన ఒడ్డుకు వచ్చేవి ఆ గుంపు కాదు. కానీ జాతి అదే. జనవరిలో కుంభాభిషేకం దగ్గర ఒక పెద్ద కాస్పియన్ టెర్న్ వెనకాల ఒక పిల్ల కీచుమంటూ తిరగడం కనిపిస్తే కాసేపు ఆగి చూడండి.

చంబల్_దగ్గర (గ్వాలియర్)

తీరపుగాలి గారూ, ఒక పని చేయగలరా? ఇక్కడ కొన్ని స్కిమ్మర్‌ల కాళ్లకు రింగులు వేశారు. మీ వైపు స్కిమ్మర్‌లు కనిపించినప్పుడు కాళ్లు తెలిసేలా ఫొటో తీయండి. నీళ్లలో నిలబడితే రింగు కనబడదు, ఇసుక మీద నిలబడినప్పుడే తీయాలి.

తీరపుగాలి (కాకినాడ)

తప్పకుండా మేడం. టెలిస్కోపు ఉన్న మిత్రుడొకరు ఉన్నారు, ఆయన్ని తీసుకెళ్తాను. పోటు బాగా ఎక్కినప్పుడు అవన్నీ పొడి ఇసుక మీదికి చేరతాయి, అదే మంచి సమయం. దగ్గరికి వెళ్లి లేపకూడదు. లేచిన ప్రతిసారీ అవి దాచుకున్న కొవ్వు కరుగుతుంది. లెక్క కూడా రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడతాను.

ఉప్పాడవల

రింగున్న పిట్ట మా వలలో ప్రాణంతో దొరికితే ఏం చేయాలి? రింగు తీసేయాలా?

తీరపుగాలి (కాకినాడ)

తీయకూడదు శ్రీమాన్. వల జాగ్రత్తగా విడదీసి, రింగు మీద అంకెలూ అక్షరాలూ కనబడేలా అన్ని వైపులా ఫోన్లో ఫొటోలు తీసి వదిలేయండి. తేదీ, చోటు రాసుకోండి. చచ్చిన పక్షి అయితే చేతికి కవరు తొడుక్కుని ఫొటో తీయండి. ఇక్కడ పెట్టినా చాలు, రింగు మీద ఉన్న చిరునామాకు నేను పంపుతాను.

ఉప్పాడవల

సరేనండి. మా రేవులో వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో ఇప్పుడే పెడతాను. ఫొటో ఎలా తీయాలో మీరు ఒక వాయిస్ మెసేజ్ చేసి ఇవ్వండి, చదవలేని వాళ్లూ ఉన్నారు.